నడుము చూడకుండానే నడుము నొప్పికి వైద్యమా?

పోయిన ఏడాది ఎండాకాలంలో మా వదినగారిని వెంటబెట్టుకుని నాలుగు ఆసుపత్రులు తిరిగాను. ఆమెకు నడుము నొప్పి. అప్పటికే ఆరు నెలలుగా బాధపడుతోంది. మొదట ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సూదులు వేశారు. వేసిన పూట తగ్గేది, తెల్లవారేసరికి మళ్ళీ మొదలు. లాభం లేదని పట్నం తీసుకెళ్ళాం.

మొదటి డాక్టరుగారు "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగారు. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి చూపిస్తుండగానే చీటీ రాయడం మొదలుపెట్టారు. ఎక్స్‌రే తీయించాం. "ఏమీ లేదు, పూసల అరుగుదల" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి అరుగుదల ఏమిటని అడిగే ధైర్యం మాకు లేకపోయింది. రెండోచోట రక్తపరీక్షలు, రెండు రకాల బిళ్ళలు, నడుముకు ఒక బెల్టు. మూడోచోట "గర్భసంచి వల్ల కావచ్చు, పిల్లలు పుట్టేశారు గదా, తీయించేస్తే సరి" అన్నారు. ఆ మాటకు మా అన్నయ్య దాదాపు ఒప్పుకున్నాడు కూడా. డబ్బు సర్దుబాటు కాక పది రోజులు ఆగాం. ఆ పది రోజులే ఆమెను కాపాడాయి.

నాలుగోచోట, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, చిన్న వయసు డాక్టరమ్మ కనబడింది. ఆమె చీటీ తియ్యలేదు. ముందు మా వదినను నాలుగడుగులు నడవమంది. వంగమంది. నర్సును పిలిచి, తెర లాగి, బల్లమీద బోర్లా పడుకోబెట్టింది. మెడ కింది నుంచి ఒక్కొక్క పూసనే వేలితో తట్టుకుంటూ వచ్చింది. నడుముకు కాస్త పైన ఒకచోట వేలు పడగానే మా వదిన కెవ్వుమంది. అక్కడ ఎముక కొంచెం బయటికి పొడుచుకుని వచ్చిందట. "సాయంత్రాలు జ్వరం వస్తుందా? ఒళ్ళు తగ్గిందా?" అని అడిగింది. రెండూ ఉన్నాయి. అంతకుముందు ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ తర్వాతే ఆమె స్కానింగుకు రాసింది, ఫలానా పూస దగ్గర చూడమని ప్రత్యేకించి రాసింది. ముక్క తీసి పరీక్ష చేయించింది. వెన్నుపూసకు క్షయ అని తేలింది.

క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే అనుకుంటాం. వెన్నెముకకు కూడా పడుతుంది. ఇంగ్లండు డాక్టరు పెర్సివాల్ పాట్ 1779లోనే ఈ గూని జబ్బును గురించి రాశాడు. దీనికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మా వదిన కోర్సు ఇంకా నడుస్తోంది. నొప్పి లేదు, ఇంటిపని చేసుకుంటోంది. వీపుమీద చిన్న గూని మాత్రం ఉండిపోయింది. ఆరు నెలల ముందే ఎవరైనా ఆ వీపుమీద చెయ్యి వేసి ఉంటే అది కూడా ఉండేది కాదేమో!

నేను డాక్టర్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. మా వదినను బాగుచేసిందీ డాక్టరే. నా ఫిర్యాదల్లా ఒక్కటే. నడుము నొప్పితో వెళ్ళిన మనిషిని పడుకోబెట్టి చూడడమనేది ఒక పద్ధతిగా జరగడం లేదు. ఒకరు చూస్తారు, ఒకరు చూడరు. ఒకే డాక్టరు పొద్దున పదిగంటలకు వచ్చినవాడిని చూస్తారు, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చినవాడిని చూడరు. కారులో దిగినవారిని చూస్తారు, బస్సు దిగి వచ్చినవారికి చీటీ ఇస్తారు. అంతా మన అదృష్టం మీద ఉంది.

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పళ్ళు పట్టి చూస్తాం. వీపు నిమురుతాం. గిట్టలు ఎత్తి చూస్తాం. నాలుగడుగులు నడిపిస్తాం. అమ్మేవాడు ఫొటో చూపించి బేరం చెయ్యమంటే చేస్తామా? ఒంగోలు గిత్తకు దక్కే ఆ పాటి మర్యాద దాన్ని పెంచే రైతుకు దక్కకపోతే ఎలా?

ఇంతకూ నడుము పరీక్ష అంటే ఏముంటుంది? బ్రహ్మవిద్యేమీ కాదు. మనిషిని నిలబెట్టి వెన్ను వంకర ఉందేమో చూడాలి. ముందుకు, వెనక్కు వంగమనాలి. మునివేళ్ళమీద ఒకసారి, మడమలమీద ఒకసారి నడిపించాలి. మడమలమీద నిలబడలేకపోతే ఒక నరం, మునివేళ్ళమీద లేవలేకపోతే ఇంకో నరం దెబ్బతిన్నదని అనుమానించవచ్చు. పూసలను తట్టి చూడాలి. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలును మెల్లగా పైకెత్తాలి. సగం ఎత్తేలోపలే పిర్ర నుంచి మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి నొప్పి పాకితే నరం నొక్కుకుపోయిందేమోనని చూసుకోవాలి. ఈ కాలెత్తే పరీక్షను సెర్బియా డాక్టరు లాజరెవిచ్ 1880లోను, ఫ్రాన్సులో లాసెగ్ గారి శిష్యుడు ఫోర్స్ట్ 1881లోను వివరించారు. నూట నలభై ఏళ్ళు దాటిన పరీక్ష. దీనికి కరెంటు అక్కరలేదు. చిన్న రబ్బరు సుత్తితో మోకాలి దగ్గర, మడమ వెనక తట్టాలి. కాలి బొటనవేలిని పైకి లేపమని, దాన్ని కిందికి నొక్కి బలం చూడాలి. రెండు కాళ్ళమీద స్పర్శ ఒకేలా తెలుస్తున్నదా అని అడగాలి. వీటన్నిటికీ కలిపి పది నిమిషాలు పట్టదు.

ఆ పది నిమిషాలే దొరకడం లేదు. ప్రపంచంలోని 67 దేశాల్లో డాక్టరు రోగితో గడిపే సమయం ఎంతో లెక్కవేసి 2017లో ఒక పరిశీలన ప్రచురించారు. మన దేశంలో అది సుమారు రెండు నిమిషాలని అందులో తేలింది. రెండు నిమిషాల్లో చెప్పులు విప్పి బల్ల ఎక్కడమే కాదు, ముసలివాళ్ళకు. నూటయాభై మంది వరసలో నిలబడి ఉంటే డాక్టరుగారు మాత్రం ఏం చేస్తారు? ఈ మాట న్యాయమైనదే. కానీ అదే డాక్టరుగారు సాయంత్రం సొంత క్లినిక్కులో కూడా రెండు నిమిషాలే చూస్తే, అప్పుడు ఆ మాట చెల్లదు.

చెయ్యి వెయ్యకుండా నేరుగా స్కానింగుకు పంపితే నష్టమేమిటి, యంత్రం ఇంకా బాగా చూస్తుంది గదా అని చదువుకున్నవాళ్ళు కూడా అంటున్నారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. యంత్రం చాలా ఎక్కువ చూస్తుంది. అమెరికాలో 1994లో నడుము నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు నూటికి 36 మందే. సగం మందికి పైగా డిస్కు ఎక్కడో ఒకచోట ఉబ్బే ఉంది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళు. 2015లో ఇటువంటి పరిశీలనలు 33 కలిపి, నొప్పి లేని మూడువేల మందికి పైగా వివరాలు లెక్కగట్టారు. ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 37 మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో నూటికి 96 మందికి డిస్కు అరుగుదల కనబడింది. అంటే తల నెరిసినట్టే వెన్నూ అరుగుతుంది. తల నెరిసినంత మాత్రాన తలనొప్పి రాదు.

ఇది నా అనుభవం కూడా. నాలుగేళ్ళ కిందట పొలంలో నీళ్ళ పైపు ఎత్తబోయి నడుము పట్టేసింది. మూడోరోజే నా అంతట నేనే స్కానింగు తీయించుకున్నాను. డాక్టరుగారు రాయలేదు. నేనే పట్టుబట్టి రాయించుకున్నాను. కాగితంలో నాలుగో పూస, అయిదో పూస మధ్య డిస్కు ఉబ్బిందని ఉంది. అది పట్టుకుని ఒకచోటికి వెళితే, కాగితం దీపానికి అడ్డంపెట్టి చూసి ఆపరేషన్ అన్నారు. నావైపు చూడలేదు. ఇంట్లో ఏడుపులు. పొగాకు అమ్మిన డబ్బు ఆసుపత్రికే పోతుందనుకున్నాం. బంధువుల్లో ఒకరు ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కాగితం పక్కన పెట్టేశాడు. నన్ను నడిపించాడు, కాలు ఎత్తాడు, సుత్తితో తట్టాడు, వేళ్ళ బలం చూశాడు. "నరానికేం కాలేదు. మంచం మీద పడుకోకు. మెల్లగా నడు. ఆరువారాలు చూద్దాం" అన్నాడు. అయిదో వారానికి మళ్ళీ సైకిలెక్కాను. ఆ స్కానింగు కాగితం ఇంకా బీరువాలో ఉంది. అందులోని డిస్కు ఇప్పటికీ అలాగే ఉబ్బి ఉంటుందని నా అనుమానం!

ఒకే నడుముకు ఒకరు ఆపరేషన్, ఒకరు నడక. తేడా అల్లా రెండోవారు చెయ్యి వేసి చూడడమే.

నడుము నొప్పి మనకు కొత్తది కాదు. వరి నాట్లు, మిరప కోతలు, పొగాకు బ్యారన్ల దగ్గర పని, చీమకుర్తి క్వారీల్లో రాయి, అన్నీ నడుము వంచి చేసేవే. ప్రపంచం మొత్తంమీద 2020లో దాదాపు 62 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని అంచనా. పదింట తొమ్మిది నొప్పులు కండరాలు, కీళ్ళు పట్టేసి వచ్చేవే. క్షయ, కాన్సరు, విరిగిన పూస, నొక్కుకుపోయిన నరం వంటివి ఆ మిగిలిన కొద్దిలో ఉంటాయి. ఆ కొద్దిమందిని జనంలోంచి ఏరి పట్టుకోవడానికే చెయ్యి కావాలి. లేకపోతే ఏమవుతున్నదంటే, స్కానింగు అక్కరలేని వందమందికి స్కానింగు జరుగుతోంది, కావలసిన మా వదినలాంటివారికి గ్యాసు బిళ్ళ దొరుకుతోంది.

మన ప్రాంతంలో ఇంకో విశేషం ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. షార్టు అనే డాక్టరు, ఆయనతోటివారు మద్రాసు రాజధానిలోని అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బు ఉన్నదని 1937లో లోకానికి చెప్పారు. ఎమ్మారై అనే మాటే పుట్టని రోజులవి. ఈ జబ్బులో నడుము, మెడ కర్రలా బిగుసుకుపోతాయి. అనుమానం రావడానికి మూడు చిన్న పరీక్షలు చాలు. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు ముట్టుకోవాలి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించాలి. చేతులు పక్కలకు చాచి, మడిచి తలవెనక ముట్టించాలి. ఇవి చెయ్యలేని నలభై ఏళ్ళ మనిషి కనబడితే అతని నీళ్ళను పరీక్షకు పంపాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదని, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణం. ఇటువంటి నేలమీద పనిచేసే డాక్టరు నడుము నొప్పి రోగిని వంగమని అడగకపోవడం నాకు అర్థం కాదు. ఆ మనిషికి నొప్పి బిళ్ళలు రాస్తూపోతే మూత్రపిండాలు పోతాయి. అతను మళ్ళీ ఆ బోరు నీళ్ళే తాగుతూ ఉంటాడు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మగడాక్టరు చెయ్యి వేసి చూడడానికి సంకోచిస్తాడు. మన ఆడవాళ్ళు చూపించడానికి సంకోచిస్తారు. మధ్యలో పరీక్ష ఎగిరిపోతుంది. ఒక నర్సును పక్కన నిలబెట్టి, ఒక తెర లాగితే తీరిపోయే విషయం ఇది. అది చెయ్యక, నడుము నొప్పి అనగానే గర్భసంచి మీదికి పోతున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది. దేశంలోకెల్లా మనదే ఎక్కువ. తెలంగాణ మన వెనకే ఉంది. అన్నీ అనవసరమైనవని నేననను. కానీ నడుము నొప్పని వెళ్ళి గర్భసంచి పోగొట్టుకుని, ఆ నొప్పితోనే తిరిగొచ్చినవాళ్ళు మా ఊళ్ళోనే ముగ్గురున్నారు. వాళ్ళను ఎవరూ బోర్లా పడుకోబెట్టి చూడలేదు. నేను అడిగి తెలుసుకున్నాను.

చెయ్యి వేస్తే అన్నీ తెలిసిపోతాయని కూడా నేను చెప్పడం లేదు. వైద్యులే ఒప్పుకునే లోపాలున్నాయి. ఒకే నడుమును ఇద్దరు డాక్టర్లు నొక్కి చూసి చెరొక మాట చెప్పడం తరచుగా జరిగేదే. కాలెత్తే పరీక్షలో నొప్పి వచ్చినవాళ్ళందరికీ డిస్కు జబ్బు ఉండదు. నొప్పి లేని రెండోకాలు ఎత్తినప్పుడు నొప్పి కాలులో బాధ పుడితే మాత్రం అది గట్టి సాక్ష్యం, కానీ అది అందరిలో కనబడదు. ఏ ఒక్క పరీక్షా దేవుడు చెప్పినట్టు చెప్పదు. అందుకే రోగి చెప్పింది విని, నాలుగు పరీక్షలు చేసి, అన్నిటినీ కలుపుకుని చూడాలి. ఒకే వరసలో, అందరికీ, ప్రతిసారీ చెయ్యాలి. చేసింది చీటీమీద రాయాలి. అప్పుడే మరో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు పోయిన నెలలో బొటనవేలికి బలం ఉందా, ఇప్పుడు తగ్గిందా అని పోల్చి చూడగలుగుతారు. మన చీటీల్లో మందుల పేర్లు తప్ప ఇంకేమైనా ఉంటున్నాయా?

మన తప్పు కూడా చెప్పుకోవాలి. సూది వెయ్యని డాక్టరు మనకు డాక్టరే కాదు. స్కానింగు రాయకపోతే "ఈయనకు ఏమీ తెలియదు" అని పక్కవీధికి పోతాం. పడుకోబెట్టి కాలెత్తి చూసినాయనకు ఫీజు ఇవ్వడానికి మనసొప్పదు, యంత్రానికి అడిగినంత ఇస్తాం. నేనూ ఆ బాపతువాడినేనని పైన ఒప్పుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పిమీద 2023 డిసెంబరులో సలహాలు ప్రకటించింది. వ్యాయామం, రోగికి విషయం వివరించి చెప్పడం మంచివంది. నడుము బెల్టులు, నడుమును బరువులతో లాగడం వంటివి మామూలుగా వాడవద్దంది. మా వదిన బెల్టు ఇప్పుడు దూడను కట్టెయ్యడానికి పనికొస్తోంది.

స్కానింగు సెంటర్ల నుంచి, లాబుల నుంచి కమీషన్లు అందుతాయన్న మాట ఊరూరా వినబడుతుంది. ఎవరు తీసుకుంటున్నారో నేను చూడలేదు కనుక ఎవరినీ అనను. అయితే రోగిని పంపినందుకు కమీషను తీసుకోరాదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో స్పష్టంగా ఉంది. రోగి అడిగితే అతని వైద్యం కాగితాలు 72 గంటల్లో ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఈ రెండోది మనలో చాలామందికి తెలియదు. అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. నడుము నొప్పితోపాటు మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మర్మస్థానం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, కాలు ఒక్కసారిగా పడిపోయినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగవద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. అటువంటప్పుడు స్కానింగు వెంటనే కావాలి, ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పోయింది తిరిగి రాకపోవచ్చు. ఈ ప్రశ్నలు సిగ్గువిడిచి అడగవలసింది డాక్టరుగారు. ఆయన అడగకపోతే మీరే చెప్పండి.

జిల్లా వైద్యాధికారులకు ఒక మనవి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నడుము నొప్పి రోగులకు వారానికి ఒక పూట ప్రత్యేకించండి. ఆ పూటకు ఇంతమందే అని టోకెన్లు ఇవ్వండి. చేయవలసిన పరీక్షలన్నీ అచ్చువేసిన ఒక కాగితం చీటీకి జతచెయ్యండి. డాక్టరుగారు చూసినదానికల్లా గీత పెడతారు. గీత లేకుండా స్కానింగుకు రాసిన చీటీని వెనక్కి పంపండి, అత్యవసరమైనవి తప్ప. దీనికి బడ్జెట్టు అంటూ ఏమీ అక్కరలేదు. ఒక సుత్తి, ఒక తెర, ఒక బల్ల.

మా మండలంలోని ఆరోగ్య కేంద్రంలో బల్ల ఉంది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. దానిమీద మందుల అట్టపెట్టెలు, పాత రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. వాటిని దింపడానికి ఇద్దరు మనుషులు చాలు. పిలిస్తే నేనూ వస్తాను, నా నడుము ఇప్పుడు బాగానే ఉంది.